దిద్దుడు టీచరు

ఆ బడిలో డ్రాయింగ్ టీచరుకు పిల్లలు పెట్టిన పేరు దిద్దుడు టీచరు. పేర్లు పెట్టడంలో పిల్లలు ఎప్పుడూ పొరబడరు. ఆవిడ చేతిలో పెన్సిలు లేకపోయినా కళ్ళలో ఉంటుంది. పిల్లలు గీసిన చెట్టుకు కొమ్మలు దిద్దుతుంది, ఆవుకు కొమ్ములు దిద్దుతుంది. దుకాణం బోర్డు మీద అక్షరం వంకర పోతే యజమానిని బయటికి పిలిచి మరీ చూపిస్తుంది. మొగుడు తల దువ్వుకుని గుమ్మం దాటబోతుంటే పాపిడి సరిగ్గా లేదని వెనక్కి పిలిచేది. బట్టతల వచ్చాకే ప్రాణం హాయిగా ఉందంటాడాయన. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, ఆవిడది అలాంటి బుద్ధి. అలాగని చెడ్డ మనిషని మాత్రం ఎవరూ అనలేరు.

ఆ మంచితనంలోంచే 'అందరి గోడ' పుట్టింది. వరండా పొడవునా ఉత్తగా పడున్న గోడమీద బడిలోని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తమకు తోచిన బొమ్మ వెయ్యాలన్నది ఆవిడ ఆలోచనే. బాగా గీసేవాళ్ళు, గీయడం రానివాళ్ళు అన్న తేడా లేదు. మాట ముద్దగా వచ్చే పిల్లాడికీ, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లకూ, అందరితో పాటే తలా ఒక గడి. స్టాఫు రూములో లెక్కల మాస్టారు ఒక్కడే నసిగాడు. నాలుగో తరగతి గువ్వ మాటేమిటన్నాడు. గువ్వకు పుట్టినప్పటినుంచీ చూపు లేదు. చూపు లేని పిల్లకు రంగులిచ్చి నలుగురిలో నిలబెడితే పాపం నవ్వులపాలవడం తప్ప ఏముందని ఆయన వాదన.

"అందరి గోడ అని పేరు పెట్టి ఒక్కదాన్ని బయట నిలబెడితే అది అందరి గోడ ఎలా అవుతుందండీ?" అంది దిద్దుడు టీచరు.

ఆ మాటకు పెద్ద టీచరు చప్పట్లు కొట్టింది. ఆ రోజంతా మన టీచరు కాళ్ళు నేలమీద ఆనలేదు.

గువ్వకు రంగులివ్వలేదావిడ. గోడలకు పెట్టే లప్పంలో బంకా, రంపప్పొట్టూ కలిపి ముద్ద చేసిచ్చింది. కుంచెతో పని లేదు, వేళ్ళతో చేసుకోవచ్చు, చేసింది వేళ్ళతోనే చూసుకోవచ్చు. నిజంగా గొప్ప ఆలోచన, కాదనడానికి లేదు. గువ్వ రోజూ భోజనాల గంట కాగానే మోకాళ్ళమీద కూర్చుని ఆ ముద్దను తన గడిలో అతికించేది, నొక్కేది, తడిమేది, మళ్ళీ నొక్కేది. చివరికి తేలిందేమిటంటే వరసగా కొన్ని బొడిపెలు, ఒక పొడవాటి గాడి, గులకరాళ్ళు గుచ్చిన చోటొకటి, ఆఖర్న ఒక పెద్ద ముద్దా, అందులో దిగేసిన ఇనప రింగూ. ఇదేమిటే అని ఎవరడిగినా, మా నాన్న వచ్చినప్పుడు చెప్తానని ఊరించేది.

అయిపోయిన రోజు గువ్వ టీచరును చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకొచ్చింది.

"దిద్దుతారా టీచర్?"

"నీదాంట్లో దిద్దాల్సింది ఏమీ లేదమ్మా," అంది టీచరు.

గువ్వ ఆ మాటను బడంతా చాటుకుంది. దిద్దుడు టీచరు దిద్దకుండా వదిలేసిన బొమ్మ తనదొక్కటేనని కనపడ్డవాళ్ళకల్లా, అంటే వినపడ్డవాళ్ళకల్లా చెప్పుకుంది. వ్యవహారం అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పుకోవాల్సిన పనే లేదు.

పైనుంచి పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. అందరి గోడ సంగతి వాళ్ళ చెవిన పడిందట. నచ్చితే మిగతా బళ్ళలోనూ పెట్టిస్తారట, టీచరును వేదిక ఎక్కించి మాట్లాడిస్తారట. వాళ్ళు వచ్చే ముందు రోజు సాయంత్రం, పిల్లలంతా వెళ్ళిపోయాక, టీచరు వరండాలో నిలబడి గోడను ఆ చివర్నుంచి ఈ చివరకు చూసుకుంది. ఎర్ర గుర్రాలు, నీలం మేకలు, మేడకంటే పొడుగైన పిల్లి. గోడ కళకళలాడుతోంది. సరిగ్గా మధ్యలో గువ్వ గడి. ఆరిపోయి అక్కడక్కడా పెళ్ళలు లేచి, మేస్త్రీ మరమ్మతు సగంలో వదిలేసి పోయినట్టుంది. వచ్చినవాళ్ళు ముందు ఇక్కడే ఆగుతారు. ఇదేమిటని అడుగుతారు. వెనకనుంచి లెక్కల మాస్టారు చిన్నగా దగ్గుతాడు.

పాపం పిల్ల నవ్వులపాలవుతుంది, అనుకుంది టీచరు. నవ్వులపాలయ్యేది తనేనన్న భయాన్ని అడుక్కి తోసి, పైన పిల్ల పేరు పెట్టుకుంది. లేచిన పెళ్ళలు కాస్త సర్దుదాం, అంతేగా అనుకుని పుట్టీ బ్లేడు తెచ్చింది. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట. ఒక అంచు సర్దితే పక్క అంచు ఎత్తుగా కనిపించింది. దాన్ని తీస్తే గాడి వెలితిగా మిగిలింది. ఆఖరి ముద్ద ఏమిటో బొత్తిగా అర్థం కాలేదు, అందుకని మొదలంటా గీకేసి రింగు చేతిసంచిలో పడేసింది. రాలిన గులకరాళ్ళు చీపురుతో ఊడ్చింది. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసి, దానిమీద తెల్లటి బడి వేసింది, పైన సూర్యుణ్ణి పెట్టింది, బడికి వరసగా నడిచొచ్చే పిల్లల్ని వేసింది. చెయ్యి తిరిగిన మనిషి కదా, చూడముచ్చటగా వచ్చింది. మూలన చిన్న అక్షరాలతో 'గువ్వ' అని రాసింది. ఇంటికి వెళ్ళి కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది కూడా.

మర్నాడు పెద్దలు వచ్చారు. గువ్వ నాన్నా వచ్చాడు. ఆయన బస్సు డ్రైవరు, డ్యూటీ ఇంకొకరితో మార్చుకుని యూనిఫాంలోనే వచ్చాడు. గువ్వ కుడిచెయ్యి గోడమీద ఆనించి, ఎడమచేత్తో నాన్నను లాక్కుంటూ వరండాలో నడిచింది. ఆ పిల్ల బడిలో నడిచేది ఎప్పుడూ అలాగే, గోడను పట్టుకుని. పెద్ద టీచరు అతిథులను ఆపి, ఈ అమ్మాయే అని చెప్తోంది. అందరూ చుట్టూ మూగారు.

గువ్వ చెయ్యి తన గడి మీదికి వచ్చింది. దాటిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. పైకి వెళ్ళింది, కిందికి దిగింది.

అప్పుడు తెలిసింది టీచరుకు. ఈ పిల్ల చేత్తో చూస్తుందన్న సంగతి, ఆ చేతి కోసమే లప్పం కలిపిన మనిషికి, నిన్న సాయంత్రమంతా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"టీచర్, నాది ఎక్కడుంది?" గువ్వ మెల్లగా అడిగింది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి క్షణం ఇంకొకటి ఉండదు. ఎదురుగా పెద్దలున్నారు, పక్కన లెక్కల మాస్టారున్నాడు.

"ఇదిగోనమ్మా, నీ చెయ్యి కింద ఉన్నదే," అంది టీచరు. పసిపిల్లల చేత అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టు గువ్వ వేళ్ళు పట్టుకుని ఆ నున్నటి రంగు మీద పెట్టింది.

వేళ్ళు బిగుసుకున్నాయి. టీచరు చేతిలో అవి బిగుసుకోవడం ఆవిడకొక్కదానికే తెలిసింది. కాసేపటికి వదులయ్యాయి. గువ్వ నాన్న వైపు తిరిగింది.

"ఇది గేటు నాన్నా. ఇవి వరండా స్తంభాలు. ఇదిగో ఈ గాడి రెండు గదుల మధ్య సందు, అక్కడికి రాగానే చల్లగాలి తగులుతుంది. ఈ రాళ్ళు కుళాయి దగ్గరివి, కాలికింద కరకరమంటాయి." ఏమీ లేని గోడమీద వేళ్ళు ఒక్కొక్క చోటే ఆగుతూ నడుస్తున్నాయి. "ఇది టీచరు. రింగు పెట్టాను. టీచరు తాళాల గుత్తి చప్పుడు వినపడితే డ్రాయింగ్ గది వచ్చేసినట్టే. అక్కడిదాకా నేను ఎవరి చెయ్యీ పట్టుకోను."

వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. టీచరు తన చేతులతో తననే గీకేసుకుంది.

నాన్న తెల్లటి బడినీ, పైన సూర్యుణ్ణీ, మూలనున్న పేరునూ చూశాడు. కింద గోడవారన లప్పం పొడి ఇంకా అంటుకునే ఉంది, దాన్నీ చూశాడు. గోడను ముట్టుకోలేదు.

"బాగుంది తల్లీ. అచ్చం బడిలాగే ఉంది," అన్నాడు.

అతిథులు ఎంత ఊహాశక్తి అనుకుంటూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత వేదికమీద టీచరు ఏం మాట్లాడిందో ఆవిడకే తెలియదు. చెప్పేయాలని రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ మాట మార్చేసింది. దిగి వస్తుంటే లెక్కల మాస్టారు ఎదురొచ్చాడు. తనదే తప్పని, ఆ పిల్ల విషయంలో తనకు కళ్ళు తెరిపించారని, దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. దగ్గినా బాగుండేది. ఆ మెచ్చుకోలు చెప్పుదెబ్బకంటే గట్టిగా తగిలింది.

గేటు దగ్గర డ్రైవరు ఆగి ఉన్నాడు. కోపం లేదు ముఖంలో, ఉంటే టీచరు కాళ్ళమీద పడిపోయేది.

"మా పిల్ల ఇంట్లో చెప్పిన బొమ్మ ఇది కాదు మేడమ్. రోజూ అన్నం తింటూ అదే చెప్పేది," అన్నాడు. "బొమ్మ మారిందని దానికి తెలిసినట్టు లేదు. మీరూ తెలియనివ్వకండి."

భూమి చీలి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. తలెత్తకుండానే తల ఊపింది.

గువ్వ డ్రాయింగ్ గదిలో ఒక్కతే బెంచీమీద కూర్చుని ఉంది. తాళాల గుత్తి చప్పుడు విని లేచి నిలబడింది.

"నాన్నకి చెప్పకండి టీచర్," అంది ముందుగానే. "చెయ్యి పెట్టి చూడలేదు, తెలిసుండదు. డ్యూటీ మార్చుకుని మరీ వచ్చాడు."

టీచరుకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇక్కడ దాచుకోవాల్సిన పని లేదు కూడా, అందుకే మరింత సిగ్గేసింది.

"నేనే గీకేశానమ్మా. నిన్ను చూసి నవ్వుతారని భయపడ్డాననుకున్నాను. కాదు. నన్ను చూసి నవ్వుతారని."

గువ్వ ఆ గొంతు వైపు తిరిగింది. "దిద్దాల్సింది ఏమీ లేదన్నారు కదా టీచర్?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. టీచరు తను వేసిన బొమ్మ ఇప్పుడే చెరిపేస్తానంది, అదే చోట మళ్ళీ చేసుకోమంది, ఈసారి ఎవరినీ, తననైనా సరే, ముట్టుకోనివ్వనంది. పెద్ద టీచరుకూ లెక్కల మాస్టారుకూ తనే జరిగింది చెప్తానంది. సంచిలోంచి రింగు తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టింది.

గువ్వ రింగును చుట్టూ తడిమి చూసుకుని జేబులో వేసుకుంది.

"వద్దులెండి టీచర్. ఈసారి అట్టమీద చేసుకుంటాను," అంది మర్యాదగానే. "ఇంటికి పట్టుకెళ్ళిపోవచ్చు."

సంచి తగిలించుకుని వరండాలోకి వెళ్ళింది. టీచరు గుమ్మంలో నిలబడి చూసింది. గోడమీద చెయ్యి ఆనించి గుర్రాల మీదుగా, మేకల మీదుగా నడిచిన గువ్వ, ఆ నున్నటి చోటు రాగానే చెయ్యి తీసేసి, అది దాటాక మళ్ళీ గోడ పట్టుకుంది.