బొత్తాల రాయి

శుక్రవారం పొద్దున పసుపు చేప పోయింది. శనివారం సాయంత్రానికి మరో రెండు. ఆదివారం మధ్యాహ్నానికి హౌకె ఇంట్లో ఉప్పునీటి తొట్టిలో మిగిలింది ఒక్కటే, తెల్ల చారల నారింజ రంగు చేప. పద్నాలుగేళ్ళ కిందట, అది ఇంకా గోరంత ఉన్నప్పుడు, అతని భార్య మారెన్ తెచ్చింది. మారెన్ అక్టోబరులో పోయింది. తొట్టి సంగతులు హౌకెకి పెద్దగా తెలియవు. ఈ ఒక్కదాన్నీ దక్కించుకుంటే చాలనుకున్నాడు.

అది నీటి పైఅంచుకు దగ్గరగా, మొప్పలు ఎగరేస్తూ నిలబడి ఉంది.

"తిండి ముడుతోందా?" అని అడిగాడు ఫోల్కెర్ట్. హూజుమ్ ఊళ్ళో చేపలు పెంచేవాళ్ళ సంఘంలో అతను మారెన్‌కి పాత స్నేహితుడు. హౌకె ఫోను చేయగానే పరీక్ష మందుల పెట్టెతో వచ్చాడు.

"నిన్నటినుంచీ లేదు."

ఫోల్కెర్ట్ చిన్న గాజు గొట్టాల్లో తొట్టి నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, రంగులు చూశాడు. ఉప్పు సరిగ్గా ఉంది. అమోనియా లేదు. రాగి లేదు.

"నీళ్ళకేం రోగం లేదయ్యా. నీకంటే నయంగా ఉన్నాయి."

"అయితే ఆ మూడూ సరదాకి చచ్చాయా?" వంటింటి గుమ్మంలోంచి అంది గేసా. మారెన్‌కి అక్క. చెల్లెలు పోయాక కూడా ఆదివారం నాలుగింటికి కేకు పట్టుకుని రావడం మానలేదు. "పన్నెండో సీసా తీశావు డాక్టరుగారూ! రోగం పేరు చెప్పు, కాఫీ పోస్తాను."

అని దగ్గింది. ఇందాకటినుంచీ దగ్గుతూనే ఉంది.

"ముందు ఆ కిటికీ తెరువు హౌకె. గదిలో గాలే లేదు" అంది.

"వద్దు. చలికి నీళ్ళు చల్లబడతాయి. దానికి ఇప్పుడదొక్కటే తక్కువ."

ఆ వీధిలో ఎంత మంచు పడుతున్నా పొద్దునా సాయంత్రం పది నిమిషాలు కిటికీలు బార్లా తెరవని ఇల్లు లేదు. హౌకె ఇంట్లో శుక్రవారంనుంచీ తెరవలేదు.

గేసా కాఫీ తెచ్చి, తాను ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఏం పొడి కొన్నావు నాయనా? నాలిక మీద నాణెం పెట్టుకున్నట్టుంది."

"నాకూ అలాగే ఉంది" అన్నాడు హౌకె. "భోజనం అయినప్పట్నుంచీ."

ఫోల్కెర్ట్ కప్పు అందుకోలేదు. తొట్టి దగ్గరికి వంగి, రాళ్ళ వరుసలో ఒక ఖాళీ చూపించాడు.

"ఇక్కడో రాయి ఉండాలే. గోధుమరంగు బొత్తాల్లాంటి పగడం పరుచుకుని ఉండేది."

"అదా? మరీ పెరిగిపోయి అద్దం మీదికి పాకింది. మారెన్ ఉంటే ఊరుకునేదా? గురువారం టూత్‌బ్రష్‌తో గీకేశాను."

"బయటికి తీసి గీకావా, నీళ్ళలోనే గీకావా?"

"నీళ్ళలోనే."

ఫోల్కెర్ట్ తొట్టి దగ్గరనుంచి వెనక్కి జరిగాడు. "ఆ పగడంలో విషం ఉంటుంది, హౌకె. గీకితే నీళ్ళలో కలుస్తుంది. ఈ చుక్కల మందులకి దొరకదు."

హౌకె తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"ఆ రాయి ఇప్పుడెక్కడుంది?"

"రోగం దాన్లోనే దాక్కుందేమో అనుకున్నాను" అన్నాడు హౌకె నెమ్మదిగా. "తీసి పొయ్యి మీద పెట్టాను. ఉడుకుతోంది."

బంగాళదుంపలు ఉడికించే పెద్ద గిన్నెలో, రెండు గంటలనుంచి. ఆ గిన్నె పక్కనే నిలబడి గేసా అరగంటసేపు మీగడ గిలక్కొట్టింది.

"బయటికి! ఇద్దరూ! ఆ విషం ఆవిరిలోకి వచ్చేస్తుంది. కోట్లు తొడుక్కోనక్కర్లేదు, పదండి!" అని అరిచాడు ఫోల్కెర్ట్.

"ఒక్క కేకు ముక్కైనా తిననివ్వవేం..." అని గేసా నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. హౌకె ఆమె చంక కింద చెయ్యి వేసి లేపాడు. ఫోల్కెర్ట్ ఊపిరి బిగబట్టి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చాడు.

వీధిలో తడిమంచు పడుతోంది. పక్కింటి మెట్టు మీద కూర్చోబెట్టారు గేసాని. పీల్చిన ప్రతి ఊపిరీ బయటికి వినిపిస్తోంది. ఫోల్కెర్ట్ అంబులెన్సుకీ అగ్నిమాపక దళానికీ ఫోను చేసి, రాయి సంగతి రెండుసార్లు చెప్పాడు.

"నీళ్ళలో విషానికి మందేం లేదా?" హౌకె అడిగాడు.

"బొగ్గు గుళికలు వేస్తే పీల్చుకుంటాయి. ఆలస్యం కాకపోతే."

"నీ దగ్గరున్నాయా?"

ఫోల్కెర్ట్ తన కారు వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. "లోపలికి వెళ్ళకూడదు."

"రెండు నిమిషాల పని."

గేసాకి మాట రావడం లేదు. చెయ్యి చాచి హౌకె చొక్కా పట్టుకుంది. పట్టు బలంగా లేదు. విడిపించుకోవడం తేలికే. పెదవుల రంగు మారుతున్న ఆ మొహంలో చెల్లెలి పోలికలు ఉన్నాయి. హౌకె ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

కిటికీలోంచి తొట్టి నీలివెలుగు రోడ్డు మీదికి పడుతోంది. చేప అక్కడినుంచి కనిపించదు.

అగ్నిమాపక బండి వచ్చింది. మొహానికి ముసుగు బిగించుకుంటూ ఒకతను దగ్గరికొచ్చాడు.

"లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

ఫోల్కెర్ట్ హౌకె వైపు చూశాడు.

"ఎవరూ లేరు" అన్నాడు హౌకె.