ఆవిడ క్షమించలేదు

“ఇంతకీ ఆ నవల్లో చివరికి ఏమవుతుందే?” అని అడిగాడు మాష్, నేను పొయ్యి దగ్గర నేంద్రం అరటిపండ్లు నిలువునా కోస్తుంటే. సాయంత్రం గ్రంథాలయంలో పుస్తక చర్చ. వచ్చేవాళ్ళందరికీ అరటిపండు బజ్జీలు మా ఇంటి నుంచే వెళ్తాయి. ఎప్పుడు మొదలైందో, ఎవరు పురమాయించారో ఎవరికీ గుర్తులేదు కానీ, ఒక్కసారి మానేస్తే మాత్రం ఊరంతటికీ గుర్తుంటుంది. మాష్ అంటే మా ఆయన భార్గవన్. బళ్ళో పంతులు కాబట్టి ఊరంతా అలాగే పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను.

వానలు మొదలవగానే మా గ్రంథాలయంలో ఒక వేడుక చేస్తారు. ఎవరికి అలవాటు లేని రకం పుస్తకం వాళ్ళు చదివి మాట్లాడాలి. ఏ రకమో చీటీలు తీసి తేలుస్తారు. ఎప్పుడూ చరిత్ర, రాజకీయం అంటూ తిరిగే మాష్‌కి ఈసారి ప్రేమ నవల వచ్చింది. “పైంకిళి! ఆడాళ్ళు అన్నం మాడబెట్టుకుంటూ చదివే సరుకు!” అని దాన్ని తెచ్చి బియ్యం డబ్బా మీద పడేశాడు. మా మలయాళంలో పైంకిళి అంటే ముచ్చటైన పిట్ట పేరే. మావాళ్ళ నోట్లో పడి అది చవకబారు ప్రేమకథలకి తిట్టయి కూర్చుంది.

పుస్తకం డబ్బా మీద పడేశాడంటే నన్ను చదవమని అర్థం. మా కాపురంలో ఇదో పద్ధతి. అన్నం ఉడికేలోగా, గుడ్డలు నానేలోగా నేను చదువుతాను. కొబ్బరి కోరుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని ఆయన అడుగుతాడు. నేను చెబుతాను. ఆదివారం సాయంత్రం టీ పోస్తూ వింటే నా మాటలే మైకులోంచి వస్తుంటాయి. నిరుడు చీటీలో వచ్చిన దయ్యాల కథ గురించి “భయం దయ్యంలో లేదు, తలుపు తీయడానికి ఎవరూ లేని ఇంట్లో ఉంది” అని నేను పచ్చడి రుబ్బుతూ అన్న మాటకి చప్పట్లు ఆగలేదు. “మాష్ చదివినట్టు ఇంకెవరు చదువుతారు!” అన్నారు. మా అత్తగారు బతికున్నప్పుడు మాత్రం “పుస్తకం పట్టిన చేతికి ఉప్పూ కారం తెలియవు” అని నన్నే దెప్పేది. నాకు ఒళ్ళు మండేది. అయినా ఊరుకునేదాన్ని. ఎవరి నోటితోనైతేనేం, నా మాట ఈ వంటింటి గడప దాటుతోంది కదా అనుకునేదాన్ని.

“భర్త ఇంకొకామెతో వెళ్ళిపోతాడు. ఏళ్ళ తర్వాత జబ్బుపడి తిరిగొస్తాడు. భార్య లోపలికి రానిస్తుంది, గంజి కాచి పోస్తుంది, మంచం పక్కనే కూర్చుంటుంది. ఒక్కమాట అనదు. చివరికి అతను పోతాడు” అన్నాను.

“అంటే క్షమించింది.”

“లేదు, క్షమించలేదు. గంజి పోయడం వేరు, క్షమించడం వేరు. తిరిగొచ్చాక ఆవిడ అతన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవదు. చూసుకోండి కావాలంటే.”

మాష్ నవ్వాడు. “నీ మొహం! అలా చెబితే ఎవడు వింటాడే? క్షమించిందనే చెప్తాను. అప్పుడే జనానికి కళ్ళు చెమరుస్తాయి.” తొలి వాయలోంచి ఒక వేడి బజ్జీ తీసుకుని ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నా మాట ఎత్తుకెళ్ళాడు, సరే. ఇవాళ దాన్ని తిరగేసి పట్టుకెళ్తున్నాడు. ఒకప్పుడు గ్రంథాలయం వాళ్ళు ఆడవాళ్ళకి ఇంటింటికీ పుస్తకాలు చేరవేసే ఉద్యోగం నాకిస్తామన్నారు. “మాష్ పెళ్ళాం సంచీ తగిలించుకుని గుమ్మాలు తిరగడమేంటి, వద్దు” అని నన్నడక్కుండానే చెప్పేసి వచ్చాడు. నేను ఏమీ అనలేదు. రాత్రికి అన్నం వడ్డించాను. ఆ మౌనాన్ని కూడా ఇలాగే చదివి ఉంటాడని అప్పుడు తట్టింది నాకు.

సాయంత్రం పెంకుల మీద ఒకటే వాన. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళం వెనక టీ కెటిల్ దగ్గర బల్ల మీద. తంకమణి చేచి, అంటే మా తంకమణి అక్క, లేచి డిటెక్టివ్ నవల గురించి చెప్పింది. “హంతకుణ్ణి మూడో అధ్యాయంలోనే పట్టేశాను. అది సరే గానీ, గదినిండా రక్తమని రాశాడు, తెల్లారేసరికి గది అద్దంలా ఉందనీ రాశాడు. మధ్యలో తుడిచింది ఎవరయ్యా?” హాలంతా గొల్లుమంది. ఇంటికొకటే సభ్యత్వం, ఆ పేరున్నవాళ్ళే మాట్లాడాలి. భర్త పోయాక చేచి పేరు ఎక్కింది. మా ఊళ్ళో ఆడదానికి పుస్తకం మీద అభిప్రాయం రావాలంటే ముందు మొగుడు పోవాలన్నమాట!

తర్వాత మాష్ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. “ఆమె మౌనమే ఆమె క్షమ! ఆడదంటే భూమాత. అంత దూరం ఎందుకు, మా వల్సలనే చూడండి. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కమాట అన్నది లేదు. అన్నీ క్షమించేసింది!”

చప్పట్లు. అందరూ వెనక్కి తిరిగి పళ్ళెంతో నిలబడ్డ నన్ను చూసి నవ్వారు. పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

“ఆవిడ క్షమించలేదు” అన్నాను.

చప్పట్లు తెగిపోయాయి. మాష్ ముఖం మీది నవ్వు మాత్రం ఇంకా పోలేదు. “ఏంటే, నువ్వు కూడా చదివావా?”

“నేనే చదివాను. మీరు చదవలేదు. ఆవిడ పేరేంటో చెప్పండి చూద్దాం.”

ఎవరో కిసుక్కుమన్నారు. మాష్ చేతిలో ఉన్న పుస్తకం అట్ట వైపు చూశాడు. అట్ట మీద ఉండదు ఆ పేరు. “వల్సలా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం” అన్నాడు పళ్ళ బిగువున. ఆ గొంతు నాకు తెలుసు. అయినా కూర్చోలేదు.

గ్రంథాలయం అధ్యక్షుడు కణారేట్టన్ ఊరందరికీ అన్న వరస, పెద్దమనిషి, తగాదా అంటే గిట్టదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మెత్తగా అన్నాడు: “చూడమ్మా వల్సలా, నువ్వు చెప్పేదాంట్లో నిజం ఉండొచ్చు. కానీ పద్ధతి పద్ధతే. ఇంటికి ఒక్కరే మాట్లాడాలి. మీ ఇంటి అభిప్రాయం మాష్ చెప్పేశారు కదా.”

తంకమణి చేచి నా మోచేయి పట్టుకుంది. ఆపడానికో, నిలబెట్టడానికో తెలియలేదు. నేను మాష్ వైపు చూడలేదు.

“అయితే కణారేట్టా, నన్ను వేరే ఇల్లుగా రాసుకోండి.”