రేడియో గారి మొదటి కుర్చీ

వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. అందరికీ ఆయన రేడియో. నోట్లో నువ్వుగింజ నానదంటారే, ఈయన నోట్లో గింజ వేసే సందు కూడా దొరకదు. కత్తెర ఆగితే ఆగవచ్చు గాని మాట మాత్రం ఆగదు. పుట్టగానే పిల్లలంతా ఏడిస్తే ఈయన కబుర్లు మొదలుపెట్టాడని భార్య అంటుంది. ఆవిడేమీ దగ్గరుండి చూడలేదు. ఇన్నేళ్లు కాపురం చేశాక ఆ మాత్రం ఊహించలేదా?

షాపులో రెండే కుర్చీలు. కిటికీ పక్కనున్న మొదటి కుర్చీ రేడియోది, లోపలిది బావమరిదిది. ఆ ఇంట్లో మాటలన్నీ అక్కే పట్టుకుపోయింది కాబోలు, తమ్ముడు ‘ఊ’ అనడానికి కూడా ఆలోచిస్తాడు. కొత్తగా వచ్చినవాళ్లు మూగవాడేమో అనుకుని సైగలు చేసేవారు. అతనూ సైగలతోనే జవాబు చెప్పేవాడు. క్షవరం సుఖంగా జరిగిపోయేది.

ఫోన్లోకి ఇంటర్నెట్ అప్పుడప్పుడే వచ్చిన టూజీ రోజులు రేడియోకి స్వర్ణయుగం. కుర్రాడొకడు కూర్చుని “అన్నా, ఈ హీరోలాగా కొట్టు” అని బొమ్మ తెరిచేవాడు. ఆ బొమ్మ పైనుంచి కిందికి గీతగీతగా దిగేది. ముందు జుట్టు, ఆ తర్వాత ఎప్పటికో నుదురు, దేవుడు దయతలిస్తే కనుబొమలు. ఈలోగా రేడియో ఒక కథ మొదలుపెట్టి ముగించి, ఇంకోదానికి గొంతు సవరించుకునేవాడు. కుర్రాడికి వేరే దిక్కులేదు, చెవులప్పగించి వినేవాడు. తర్వాత తర్వాత ఆ కథలు వినడానికే వచ్చినవాళ్లూ ఉన్నారు.

బొమ్మ మొత్తం దిగేదాకా కాచుక్కూర్చోవడం రేడియోకి నచ్చలేదు. “క్షవరానికి కావాల్సింది జుట్టే కదా, మూతి ఎలా ఉంటే మనకెందుకు?” అని, జుట్టు దిగీదిగగానే కత్తెర పట్టేవాడు. ఒకసారి ఒక కుర్రాడు హీరో బొమ్మే అనుకుని ఏదో నొక్కి అలాగే ఫోన్ చూపించాడు. చెవుల మీదికి వంపు తిరిగిన ఒత్తయిన జుట్టు దిగింది. రేడియో మెచ్చుకుంటూ, మెచ్చుకుంటూ వంపులు తీశాడు. నుదురు దిగింది. బొట్టులేదు కాబట్టి అనుమానం రాలేదు. ముక్కూ బాగానే ఉంది. పెదవుల దగ్గరికి వచ్చేసరికి లిప్‌స్టిక్ ఉంది.

“అన్నా! ఇది షాంపూ ప్రకటనలో అమ్మాయే!” అని కుర్రాడు లబోదిబోమన్నాడు. అప్పటికే పని ముగిసింది. రేడియో ఏమాత్రం తొణక్కుండా “ఆవిడకంటే నీకే బాగుంది” అన్నాడు. చిత్రం ఏమిటంటే ఆ నెలంతా వీధిలో సగం మంది అదే కటింగ్ కొట్టమని వచ్చారు.

త్రీజీ వచ్చింది. మెడకి గుడ్డ కట్టేలోపే బొమ్మ దిగిపోయేది. అయినా రేడియో దిగులుపడలేదు, ఎందుకంటే వీడియోలు మధ్యమధ్యలో ఆగేవి. తెరమీద చక్రం గిరగిర తిరుగుతున్నంత సేపూ కస్టమర్ బిక్కమొహం వేసుకుని కూర్చునేవాడు. ఆ సందులోనే రేడియో తన కబురు దూర్చేవాడు. చక్రం ఆగిందంటే నోరు మూసేవాడు, తిరిగిందంటే ఆపినచోటి నుంచి అందుకునేవాడు. ఆ మెళకువ చూసి భార్యకే ముచ్చటేసేది.

తర్వాత ఎదురు మేడమీద కొత్త టవరు లేచింది. ఫోర్‌జీ పుణ్యమా అని చక్రం మాయమైంది, దాంతోపాటు రేడియో సందూ పోయింది. కుర్చీలో కూర్చున్నవాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్ బుడిపెలు పెట్టుకుని, తలలు వంచుకుని, ఒళ్లోని తెరలోకి చూస్తూ ఉండిపోతున్నారు. మెడవెనక పని బ్రహ్మాండంగా వస్తోంది గాని ముందరి జుట్టు కత్తిరించాలంటే గడ్డం పట్టుకుని బతిమాలుకోవాలి. “బాబూ, చెవి పక్కన కత్తిరించాలి, ఆ బుడిపె తీస్తావా?” అంటే, “ముందు ఈ చెవి కానివ్వు, తర్వాత ఆ చెవిది తీస్తా” అంటున్నారు. ఇంక కథ ఎవరికి చెబుతాడు? అయినా చెప్పేవాడు. వాళ్లు విసుక్కునేవారు.

అలా కొన్నాళ్లకి జరగకూడనిది జరిగింది. బావమరిది కుర్చీ ముందు బారు పెరిగింది, మొదటి కుర్చీ ఖాళీగా మిగిలింది. “నేను ఆయన దగ్గరే చేయించుకుంటా, వీడియో సాంతం చూడనిస్తాడు” అని రేడియో మొహం మీదే అనేవాళ్లు. సొంత షాపులో తాను ఈగలు తోలుకుంటుంటే పక్కన మౌనానికి గిరాకీ పెరగడం ఆయనకి పుండు మీద కారం చల్లినట్టుండేది.

కౌంటర్లో కూర్చునే భార్య చూసి చూసి ఒకరోజు తేల్చేసింది.

“ఏమండీ, ఈ నెలంతా నోటికి తాళం వేసుకుని పనిచెయ్యండి. మధ్యలో నోరు విప్పారా, మొదటి కుర్చీ తమ్ముడికిచ్చి మీరొచ్చి ఇక్కడ కూర్చోండి. అది కిటికీ పక్క కుర్చీ. ఖాళీగా ఉంటే దారినపోయేవాళ్లకి షాపే ఖాళీ అనిపిస్తుంది.”

ఆవిడ మాటలో న్యాయం ఉంది. అందుకే ఆయనకి ఎక్కువ బాధేసింది. ఆ కుర్చీ ఆయన తండ్రి నుంచి వచ్చిందేమీ కాదు, తనే ఏరికోరి కొన్నాడు. అది పోతే తను క్షురకుడు కాడు, చిల్లర ఇచ్చే మనిషి మాత్రమే.

రేడియో మూగనోము పట్టాడు. ఆ అవస్థ పగవాడికి కూడా వద్దు. ఒక తల దువ్వగానే దానికి తగిన కబురొకటి గొంతుదాకా వచ్చేది, గుటక మింగేవాడు. అన్నం సహించేది కాదు. కడుపు నిండా మాటలే ఉంటే అన్నానికి చోటెక్కడ? నెల చివరికొచ్చేసరికి మాత్రం మొదటి కుర్చీ నిండసాగింది. “పర్లేదే, ఈయన కూడా మారాడు” అని కస్టమర్లు సంతోషించారు. రేడియో ఆ మాట విని అద్దంలో తన మొహం చూసుకోలేకపోయాడు.

అలాంటి ఒక రద్దీ పూట ఆయన ఫోన్ మోగింది. వీడియో కాల్. ఎత్తితే లెక్కల మాస్టారి కూతురు. మాస్టారు ఏళ్ల తరబడి మొదటి కుర్చీ తప్ప ఎరగని మనిషి. వైద్యం కోసం దూరాన ఉన్న కూతురింటికి వెళ్లి చాలా రోజులైంది.

“బాబాయ్, పనిలో ఉన్నారా? నాన్న ఒకటే గొడవ. కటింగ్‌కి తీసుకెళ్లమంటున్నారు. మందులకి జుట్టంతా ఊడిపోయింది, ఇంకేం కటింగ్ నాన్నా అంటే వినరు. రాత్రీ పగలూ కన్ను మూతపడట్లేదు. ఒక్కసారి మీరు చెప్పండి.”

ఫోన్ చేతులు మారింది. ఫైవ్‌జీ వచ్చాక తెర ఎంత తేటగా ఉంటోందంటే, మాస్టారి నుదుటి మీది నరం కూడా కనిపించింది. కనుబొమలు కూడా లేవు.

“ఏవోయ్, ఎప్పుడు రమ్మంటావు?” అన్నారు మాస్టారు, నీరసంగా.

రేడియో కౌంటర్ వైపు చూశాడు. భార్య ఇటే చూస్తోంది. మొదటి కుర్చీలోకి ఎక్కబోతున్న కుర్రాణ్ణి చేత్తో ఆపాడు.

“ఎప్పుడో ఎందుకు మాస్టారూ, కూర్చోండి. మీ కుర్చీ ఖాళీయే. ఎలా కొట్టమంటారు?”

“ఎప్పటిలాగే.”

రేడియో ఫోన్‌ని కుర్చీ తల ఆనించే దిండుకి ఆనించాడు. తెల్లగుడ్డ దులిపి, కుర్చీ చుట్టూ తిప్పి, ఫోన్ కిందుగా ముడివేశాడు. దువ్వెన చెవిలో దోపుకుని, ఫోన్ పక్కన గాలిలో కత్తెర ఆడించడం మొదలుపెట్టాడు. కత్తెర చప్పుడుతోపాటు నెలరోజుల మాటలు గట్టు తెగి వచ్చాయి.

“మీకు తెలుసా మాస్టారూ, మన మూల మీది టైలరు తన పెళ్లానికి భయపడి తన కొత్త ప్యాంటు చీకట్లో కుట్టుకున్నాడు. ఒక కాలు పొట్టి. అదేవిటయ్యా అంటే, కొత్త ఫ్యాషనట! ఇప్పుడు ఆ పొట్టి కాలు కనబడకుండా ఎప్పుడూ ఒక కాలు మెట్టు మీద పెట్టే నిలబడుతున్నాడు…”

మాస్టారి పెదవులు విచ్చుకున్నాయి. కుర్చీ ఎక్కబోయి ఆగిన కుర్రాడు మాత్రం చెవిలో బుడిపె తీసి చిరాకుపడ్డాడు.

“ఈయన మాట్లాడడని చెబితేనే వచ్చాను. ఖాళీ కుర్చీతో కబుర్లేంటండీ?”

లోపలి కుర్చీ దగ్గర కత్తెర ఆగింది.

“ఆ కుర్చీలో కస్టమర్ ఉన్నాడు,” అన్నాడు బావమరిది. “కనబడట్లేదా?”

షాపంతా అతని వైపు తిరిగింది. అతనికి గొంతుందని చాలామందికి అప్పుడే తెలిసింది. కుర్రాడు బెంచీ మీద కూలబడ్డాడు. భార్య కౌంటర్ దిగి వచ్చింది. గుడ్డ ఒక పక్కకి జారుతుంటే సర్ది, ముడి బిగించింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొగుడు ఆ నెలంతా ఎలా బతికాడో ఆవిడకి అప్పుడు తెలిసింది. మళ్లీ వెళ్లి కౌంటర్లో తన చోటే కూర్చుంది.

రేడియో టైలరు దగ్గర్నుంచి పాలవాడి సైకిలుకి, సైకిలు నుంచి ఎదురింటివాళ్ల అద్దె గొడవకి వెళ్లాడు. కత్తెర ఫోన్‌కి ఎడమ పక్కగా ఆడుతూనే ఉంది. కాసేపటికి తెరమీద మాస్టారి తల దిండు మీదికి ఒరిగింది.

కూతురి మొహం తెరలోకి వచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

“నిద్రపోయారు బాబాయ్. ఎన్నాళ్లయిందో ఇలా నిద్రపోయి. ఇంక పెట్టెయ్యనా?”

“ఉండమ్మా,” అన్నాడు రేడియో, కుర్చీకి కుడిపక్కకి నడుస్తూ. “ఇంకా ఒక పక్కే అయింది.”