రెండిళ్ళ ఊపిరి

కొత్తచెరువులో ఎర్రిస్వామికి ఇద్దరు పెళ్ళాలు, రెండిళ్ళు, ఉబ్బసం ఉన్న రొమ్ము ఒక్కటి. ఒకరోజు పెద్దామె సుబ్బరత్నమ్మ ఇంట్లో పడుకుంటే, మరునాడు వీధి చివర చిన్నామె హేమావతి ఇంట్లో. పిల్లలు లేరని ఆ రెండో సంబంధం చూసి తెచ్చింది సుబ్బరత్నమ్మే. తెచ్చిన రోజు నుంచీ కడుపు మండుతూనే ఉంది, అది వేరే సంగతి.

రెండువేల తొమ్మిదిలో అనంతపురం డాక్టరు తరఫున సరళ అనే పిల్ల ఒక పట్టీ తెచ్చి ఎర్రిస్వామి రొమ్ముకు కట్టింది. పడుకున్నప్పుడు రొమ్ము పొంగినా, దిగినా ఆ కదలికంతా దానికున్న అగ్గిపెట్టెంత డబ్బీలోకి ఎక్కుతుందట. కొన్నాళ్ళకు సుబ్బరత్నమ్మ ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్‌లో గీతలు చూసింది.

"హేమక్క ఇంట్లో పెద్దాయన ఊపిరి బాగుండాది. ఈడనే ఎగపోస్తాండాడు. పొయ్యిలోకి ఏమేస్తావు పెద్దమ్మా?"

"అందరూ ఏసేదే. శనక్కాయ పొట్టు."

"ఆ పొగే ఆయనకు పడల్యా. ఆ ఇంట్లో గ్యాసుంది కదా."

పొగ మాట సుబ్బరత్నమ్మ చెవికెక్కితే ఒట్టు. 'హేమక్క ఇంట్లో బాగుండాది' అన్నది మాత్రం సూదిలా దిగింది. ఇన్నేళ్ళు తన చేతి సంగటి తిన్న మనిషి, దాని ఇంటికి పోతే హాయిగా ఊపిరి తీస్తాడా? ఆ గ్యాసు తెప్పించింది మాత్రం ఎవరు? ఈ మహానుభావుడే.

సుబ్బరత్నమ్మ వంతు రోజున ఎర్రిస్వామి పట్టీ బిగుతుగా ఉందని విసుక్కున్నాడు. "ఇట్లా ఇయ్యి, దాన్ని నేను చూసుకుంటా" అంది. చూసుకోవడమేముంది, చీర కిందుగా తన రొమ్ముకే కట్టుకుంది. తన వంతు వచ్చినప్పుడల్లా అదే పని.

ఈసారి సరళ గీతలు చూసి ఆశ్చర్యపోయింది. చలి ముదిరి హేమావతి ఇంట్లో ఊపిరి చెడింది, ఈ ఇంట్లో పసిబిడ్డ ఊపిరిలా ఉంది. డాక్టరుకు ఫోన్ చేసి, "కొన్నాళ్ళు పెద్దాయన్ను ఈడనే ఉండనీమన్నాడు సారు" అంది. హేమావతి మొగుడి దిండు, పీల్చే మందు తెచ్చి గడపలో పెట్టి పోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సుబ్బరత్నమ్మ కొళాయి దగ్గర వీధికంతా చెప్పుకుంది. పెళ్ళయిన కొత్తలో కూడా అంత సంతోషపడలేదు.

మొగుడు రోజూ తన ఇంట్లోనే అయ్యేసరికి పొయ్యి ఆరనే లేదు. పొద్దున వేడినీళ్ళు, మధ్యాహ్నం సంగటి, సాయంత్రం బొరుగులు. ఇల్లంతా పొగ. ఎర్రిస్వామి గోడకానుకుని భుజాలెగరేస్తూ, "చలికి ఇట్లుంటాది లేవే" అనేవాడు. ఒక పొద్దున ఆ మాట కూడా రాలేదు. పెదాలు నీలం తిరిగాయి. సుబ్బరత్నమ్మ గాభరాగా వంగితే చీర కింద పట్టీ ఒత్తుకుంది. అందులో మంచి ఊపిరి ఎక్కుతోంది. అది చూసి రేపు సరళ మళ్ళీ బాగుండాడనే అంటుంది.

వీధిలో పరుగెత్తి పోయింది.

"హేమా, వచ్చి నీ మొగుణ్ణి తీస్కపో."

నీ మొగుడు అన్న మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. హేమావతి బిత్తరపోయింది. "ఏమైందక్కా?"

"ఆ గీతలు ఆయనవి కావు, నావి. పట్టీ నేను కట్టుకున్యా. ఆడ సచ్చిపోతాండాడు, రా."

హేమావతి కొడుతుందనే అనుకుంది సుబ్బరత్నమ్మ. కొట్టే తీరిక ఎవరికుంది? ఇద్దరూ చెరో రెక్కా పట్టి ఆటో ఎక్కించారు. ఆసుపత్రిలో మందు పట్టాక, రెండు రోజులకు తేరుకుని హేమావతి ఇంటికి చేరాడు.

ఆ సాయంత్రం సుబ్బరత్నమ్మ పట్టీ తెచ్చిచ్చింది. హేమావతి దాన్ని మొగుడికి కడుతూ, తల ఎత్తకుండానే, "రేపు నీ వంతక్కా" అంది.

"నా వంతు కూడా నువ్వే తీస్కో. మనిషి ఊపిరితో ఉంటేనే కదా మనకు వంతులు."

హేమావతి చెయ్యి అతని రొమ్ము మీద అటూ ఇటూ తిరుగుతుంటే సుబ్బరత్నమ్మకు ఒళ్ళు భగ్గుమంది. అయినా దగ్గరికి పోయి, పట్టీ మరీ బిగిసిందేమోనని వేలు దూర్చి చూసి, ఇంటికి పోయింది.