మావగారు కట్టేసిన ఓడ

ఓడల కంపెనీలో ఒక దిక్కుమాలిన నియమం ఉండేది. ఆస్థాన చిత్రకారుడు ఓడ బొమ్మ గీసి, దాని మీద కంపెనీ ముద్ర పడిందంటే, ఆ తర్వాత ఓడే బొమ్మలా ఉండాలి. ఒకసారి ఆయన ఏదో పరధ్యానంలో రెండు పొగగొట్టాలకు బదులు మూడు గీశాడు. కంపెనీవాళ్లు కిక్కురుమనకుండా మూడోది తెచ్చి అతికించారు. అందులోంచి పొగ రాదు. రాకపోతే ఎవరికి పట్టింది?

ఆయనకు పేరు తెచ్చింది తుఫాను. ముప్పై ఏళ్లుగా ఓడ గీస్తే దాని చుట్టూ కొండంత అలలు లేవాల్సిందే. బొమ్మలో ఉన్నాయి కనుక ఓడలు కూడా, పాపం, తుఫాను ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లేవి. ఆయన మాత్రం జన్మలో ఓడెక్కలేదు. పడవ కనబడితే చాలు, పక్క వీధిలోకి తిరిగేవాడు.

ఈసారి కొత్త ఓడకు కెప్టెన్ స్వయానా అల్లుడు. కూతురొచ్చి రంగుల బల్ల పక్కన కూలబడి, ఈ ఒక్కసారికి అలలు వద్దని ఏడ్చింది. ఆయన గుండె తరుక్కుపోయింది. కానీ నిలకడగా ఉండే నీళ్లు గీయడం ఆయనకు చేతనైతేగా! మూడు కాన్వాసులు పాడుచేసి, చివరికి నీళ్లు కనబడకుండా గట్టును అడ్డం పెట్టి, ఓడను లావుపాటి తాడుతో రేవుకు కట్టేసినట్టు గీసి ఊపిరి పీల్చుకున్నాడు. ముద్ర పడింది.

ఇక ఓడ కదిలితే ఒట్టు. అల్లుడు రోజూ ఇస్త్రీ బట్టలేసుకుని వెళ్లి, చుక్కాని పట్టుకుని నిలబడి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి మనిషి పుల్లలా అయ్యాడు. స్నానాల గదిలో బకెట్టు నీళ్లకేసి చూస్తూ కూర్చునేవాడు. మావగారిని పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయన్ను మరీ కుంగదీసింది.

ఏడాదికోసారి బొమ్మకు వార్నిష్ వేస్తారు. ఆ రోజు మాత్రం చిన్నాచితకా దిద్దుకోవచ్చు. కూతురే కుంచె తెచ్చి చేతిలో పెట్టింది.

"తాడు చెరిపెయ్యి నాన్నా. ఆయన్ని ఇలా చూడలేకపోతున్నాను. కానీ తిరిగొస్తాడని నాకు ధైర్యం కావాలి."

ఆయన తాడు చెరిపాడు. చాలాసేపు తల గోక్కుని, ఓడ ముక్కును ఒడ్డువైపు తిప్పేశాడు.

మర్నాడు ఓడ బయల్దేరింది. బొమ్మలో ముక్కు ఇంటివైపుంది కనుక వెళ్లడం కూడా అలాగే వెళ్లాలి. రేవంతా నోరెళ్లబెట్టి చూస్తుంటే అంత ఓడా వెనక్కి వెనక్కి నడిచింది. అల్లుడు చుక్కాని దగ్గర నిలబడి, కనుమరుగయ్యేదాకా భార్యకేసే చూస్తూ వెళ్లాడు.