మైకు ముందు కిళ్ళీ

యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, తెలుగువాళ్ళుండే పజుండౌంగ్ పేటలోని ప్రమోద చేసే పనేమిటో వాళ్ళమ్మ అప్పలనరసమ్మకు ఎప్పటికీ బోధపడలేదు. తనకే రాని మణిపురి భాషను ఆ పిల్ల ఫోనుకు నేర్పుతోంది! మణిపురి వాళ్ళ మాటల్ని రికార్డు చేసి, ఒక్కో ధ్వనినీ విడదీసి, ఇది ఫలానా అక్షరమని గుర్తుపెట్టాలి. అలాంటివి బోలెడు పోగైతే, మాట వినగానే ఫోను దాన్ని రాసిపెడుతుంది.

ఆ ఫోను కోసం అందరికంటే ఆత్రంగా కాచుకున్నది పక్కింటి రాధాకుమారి. మణిపురి మనిషే అయినా ఈ వీధిలోనే పెరిగింది కాబట్టి తెలుగు వచ్చు. ఆవిడకు చూపు ఆనదు, ఉత్తరం రాయడం కుదరదు. మాండలేలో ఉన్న చెల్లెలికి రెండేళ్ళుగా చెవులు వినపడవు. అక్కచెల్లెళ్ళ మధ్య మాటే తెగిపోయింది.

తీరా ఫోను తెచ్చి చేతిలో పెడితే ఆవిడ చెప్పేదొకటి, అది రాసేదొకటి. అర్థం తెలియకపోయినా అక్షరాలు పలకడం ప్రమోదకు వచ్చు. చదివి వినిపిస్తే ఆవిడ తల అడ్డంగా ఊపింది. రికార్డు కోసం ఆవిడ ఆఫీసుకు వచ్చినప్పుడు ఇదే గొంతును తు.చ. తప్పకుండా రాసిన ఫోను, ఇంట్లో ఇలా తగలడిందేమిటి?

"దీనికీ నేను పరాయిదాన్నయిపోనానా అమ్మా?" అంది రాధాకుమారి. ప్రమోద మనసు చివుక్కుమంది.

రెండు రికార్డులనూ ఒకదాని తర్వాత ఒకటి వింది. ఆఫీసు గొంతులో ప, త, క లు టక్కుటక్కున తెగుతున్నాయి. ఇంటి గొంతులో మెత్తగా నానిపోయాయి. ఎందుకబ్బా అని తలెత్తి చూస్తే ఆవిడ బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. కిళ్ళీ. ఈ ఊళ్ళో అది లేని నోరేది!

చదువుకు సంబంధించిన వస్తువు ముందు ఎంగిలి నోరేమిటని, వచ్చిన ప్రతివాళ్ళ చేతా కిళ్ళీ ఉమ్మించి, పుక్కిలించాకే మాట్లాడించింది ప్రమోదే. మడికట్టుకున్న మాటలే విన్న ఫోనుకు మామూలు మాట ఎలా అందుతుంది? అయినా నమ్మకం కుదరక తానూ ఒక కిళ్ళీ దవడన పెట్టుకుని పా, తా, కా అని చూసింది. అవీ నానిపోయే వచ్చాయి.

"ఓలమ్మీ, ఏటే ఆ సంత?" అంది అప్పలనరసమ్మ. "సదువెక్కువైపోనాదేటి?"

మర్నాటి నుంచి అందరినీ మళ్ళీ పిలిచింది, ఈసారి కిళ్ళీలతో. ఆఫీసులో నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుంది. వానలు పట్టేవేళకు ఫోను కొత్త పాఠం నేర్చుకుంది.

రాధాకుమారి నములుతూనే చెల్లెలికి చెప్పాల్సిందంతా ఫోనుకు చెప్పింది. వక్కను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకున్నప్పుడల్లా ఆగింది. ఆగినచోటల్లా ఫోను చుక్కలు పెట్టింది. తుడిచేద్దామా అని ప్రమోద అనుకునేలోగా ఆవిడ తొందరపెట్టి ఉన్నదున్నట్టే చెల్లెలికి పంపించేయించింది.

కాసేపటికి జవాబు వచ్చింది. ప్రమోద అక్షరం అక్షరం పలికింది. రాధాకుమారి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"ఏటన్నాది మామ్మా?"

"'ఈ సుక్కలన్నీ వక్క నమలడమే కదే అక్కా, ఇంకా మానలేదేటి?' అని తిడతంది. నా గొంతు దానికి ఇనబడిపోనాదే అమ్మా."