కనబడుతూ ఉండు

మా నాన్నది మాటంటే మాటే. ఆదివారంలోగా ఏదైనా పని చూసుకుంటే సెలవులన్నీ ఇంట్లోనే ఉండొచ్చు. లేదంటే ఆదివారం పొద్దుటి బస్సుకి పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళి, సెలవులయ్యేదాకా ఆవిడ కవల మనవళ్ళని ఆడించాలి. ఆ కవలల సంగతి తెలియనివాళ్ళకి ఇందులో ఏముందిలే అనిపించొచ్చు. కిందటిసారి వాళ్ళలో ఒకడు నా జడ కొరికాడు, రెండోవాడు మిగిలింది కత్తిరించబోయాడు. వాళ్ళతో రెండు నెలలంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పటికి నాకు పద్నాలుగు నిండి నెల. ఇంట్లో నన్ను పాలపొంగు అనేవాళ్ళు. కోపమైనా ఉత్సాహమైనా ఉవ్వెత్తున లేచి, చప్పున చల్లారిపోతుందని. అందులో అబద్ధమేమీ లేదు. ఈత అయిదు క్లాసులకి వెళ్ళి మానేశాను, వయొలిన్ అంతకన్నా తక్కువ. అందుకే కాబోలు, పని చూసుకుంటానని నేనన్నప్పుడు నాన్న నవ్వలేదు గానీ, ఆదివారం అమ్మాయి వస్తోందని పెద్దమ్మకి ముందే ఫోన్ చేసి చెప్పేశారు. అది విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మంగళవారం తల నున్నగా దువ్వుకుని, మా వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకి కనిపించిన కొట్టల్లా ఎక్కి దిగాను. బేకరీ ఆయన చేతుల పిండి దులుపుకుంటూ చూద్దాంలే అన్నాడు. పుస్తకాల కొట్టాయన తల ఎత్తకుండానే చూద్దాం అన్నాడు. పూల కొట్టావిడ నన్ను ఎగాదిగా చూసి, ఎన్నో క్లాసు, మీ నాన్నగారేం చేస్తారు, మీ ఇల్లు సొంతమా అద్దెదా, అన్నీ తీరిగ్గా కనుక్కుని, ఆఖరికి తనూ చూద్దాంలే అంది. వీధి చివర ఒక టైలరమ్మ ఉండేది. కొత్తవి కుట్టదు, వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చెయ్యడం ఆవిడ పని. నేను వెళ్ళేసరికి నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో పంట్లాం సరిచేస్తోంది. సూదులు తీసి, "సరేనమ్మా, కనబడుతూ ఉండు," అంది.

ఇంటికొచ్చి, మూడు చోట్ల చూస్తామన్నారు, ఒక చోట ఉండమన్నారు అని గొప్పగా చెప్పాను. నాకంటే మూడేళ్ళు పెద్దయిన మా అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. చూద్దాం అంటే చూడం అని అర్థమట. అక్కడికి నా గాలి సగం తీసేశాడు. నాలుగోదాని మాటేమిటని అడిగితే మాత్రం నవ్వు దిగమింగుకుని, పెద్దమనిషి మొహం ఒకటి పెట్టాడు.

"అది వేరే. అది పరీక్ష. నువ్వెళ్ళి ఆవిడకి కనబడేచోట కూర్చోవాలి. ఎంత ఓపికుందో చూస్తుంది."

నమ్మాను. వాడి మాట నమ్మడం నాకది మొదటిసారి కాదు, ఆఖరిసారీ కాలేదు.

టైలరమ్మ దుకాణానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, బస్టాపు బెంచీ ఉంది. బుధవారం ఆవిడ షట్టరు ఎత్తేసరికే వెళ్ళి దాని మీద కూర్చున్నాను. ఆవిడ ఒకసారి చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. నేను వెన్ను నిటారుగా పెట్టాను. బస్సు వచ్చి మధ్యలో ఆగినప్పుడల్లా నేను ఆవిడకి కనబడను గదా, అందుకని బెంచీ ఎక్కి నిలబడేదాన్ని. ఒక డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎక్కుతావా లేదా అని కసిరాడు.

గురువారం టైలరమ్మ బట్టలు తొడిగే బొమ్మని ఈడ్చుకొచ్చి సరిగ్గా దుకాణం ముందరి అద్దం మధ్యలో, నాకు అడ్డంగా పెట్టింది. ఇదీ పరీక్షలో భాగమేననుకుని బెంచీ రెండో కొసకి జరిగాను. మధ్యాహ్నం జల్లు పడింది. గొడుగు వేసుకుంటే మొహం కనబడదని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. తడిసి ముద్దయి ఇంటికి వెళితే అమ్మ చీవాట్లు పెట్టింది. అన్నయ్య ఏమీ మాట్లాడకుండా తువ్వాలు తెచ్చిచ్చాడు. నేను అడక్కుండా వాడు నాకు ఏదైనా తెచ్చివ్వడం వింతే, కానీ నాకు అనుమానం రాలేదు.

ఊరికే కూర్చోవడం నా వల్ల కాని పని. కాళ్ళు ఊపాను, బస్సుల నంబర్లు కూడికలు వేశాను, చివరికి ఇంకేమీ తోచక ఆవిడ చేసేదే చూడడం మొదలుపెట్టాను. తెల్లబట్టలూ రంగుబట్టలూ అయితే మిషను దగ్గరే కూర్చుని చకచకా కానిచ్చేది. ఒక నల్లకోటు మాత్రం రోజుకి పదిసార్లు గుమ్మంలోకి తెచ్చేది. వెలుగులో అటూ ఇటూ వంచి, కుట్టు దగ్గర ఏదో గెలికి, పెదవి విరిచి, మళ్ళీ కుర్చీ మీద పడేసేది. మూడు రోజులూ అదే కోటు.

శనివారం పదకొండింటికి ఆవిడ రోడ్డు దాటి నా దగ్గరికొచ్చింది. ఎవరికోసం ఎదురుచూస్తున్నావమ్మా అని అడిగింది. కనబడుతూ ఉండమన్నది మీరే కదా ఆంటీ అన్నాను. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. నవ్వినా బాగుండేది. నవ్వకుండా, చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. మొహం మీద లేదనలేక అందరూ అలా అంటారట, తన దుకాణంలో ఇంకొకరికి సరిపడా పని లేదట.

తల కొట్టేసినట్టయింది. తెల్లారితే బస్సు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే వాటి వెనకాలే నా పాలపొంగు తన్నుకొచ్చింది.

"పని లేకపోతే ఆ నల్లకోటు మూడు రోజుల్నుంచీ గుమ్మంలో ఎందుకు తిప్పుతున్నారు? నల్లబట్ట మీద నల్లదారం మీకు కనబడట్లేదు."

అనేసి నాలుక కరుచుకున్నాను. ఒక బస్సొచ్చి తలుపు తెరిచి, మేమెవరమూ లేవకపోతే వెళ్ళిపోయింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పావా అని ఆవిడ అడిగింది. చెప్పలేదన్నాను.

"అయితే లోపలికి రా."

కళ్ళద్దాలు రెండుసార్లు మార్చిందట. నల్లదారం దగ్గర అవీ చేతులెత్తేశాయట. ఇంకో రెండు నెలల్లో కంటికి ఆపరేషను, అందాకా ఎలాగో నెట్టుకొద్దామని చూస్తోంది. ఇదంతా కోటు తిరగేస్తూ, వేరెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. కుట్లు విప్పే పిడి ఉన్న చిన్న ఇనుప మొన నా చేతికిచ్చి, నాలుగేసి కుట్లకొకటి తెంపి వెనకనుంచి దారం లాగమంది. అలా చేస్తే దారం దానంతటదే వచ్చేస్తుంది, బట్టకి నొప్పి తెలియదు. కోటు మొదటి చెయ్యి విప్పడానికి గంట పట్టింది. అంతసేపు ఒకే పని చేశానని నాకే తెలియలేదు.

రెండో చేతి దగ్గర దారం మొరాయించింది. నాకు ఒళ్ళు మండి ఒక్క గుంజు గుంజాను. అంచు దగ్గర గుండుసూది తలంత కన్నం పడింది. ఆవిడకి అది కనబడదు, నాకు తెలుసు. వేలు దాని మీద పెట్టి కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి వెళ్ళి, ఆవిడ వేలు పట్టుకుని దాని మీద పెట్టాను.

ఆవిడ తడిమి చూసింది. "కుట్టులోకి పోతుందిలే. చెప్పకపోతే దీని పక్కనుంచి కుట్టేసేదాన్ని, కన్నం పైకి కనబడేది," అంది. సెలవులయ్యేదాకా పొద్దుటిపూట రమ్మంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది గానీ, చేతిలో మొన ఉంది.

భోజనాల వేళకి నేను ఇంటికి రాకపోయేసరికి అన్నయ్య నిజం కక్కేశాడట. నాన్న రొప్పుకుంటూ వచ్చారు, వెనకాల వాడు తల వేలాడేసుకుని. మా పిల్ల మిమ్మల్ని ఇబ్బంది పెట్టిందని నాన్న ఏదో చెప్పబోతే, పొద్దుటిపూట పనికి పెట్టుకున్నానని ఆవిడ చెప్పింది. నాన్న కోటుని చూశారు, నన్ను చూశారు. గొంతు తగ్గించారు గానీ నాకు వినబడింది.

"దీనికి ఏదీ పట్టి ఉండదండీ. నాలుగు రోజులైనా నిలుస్తుందంటారా?"

నా చేతులు ఆగిపోయాయి. టైలరమ్మ సూదిలో ఎక్కించబోతున్న తెల్లదారం కొస తడిచేసుకుంది.

"ఇవాళ్టితో నాలుగండీ. మొదటి మూడూ ఎదురు బెంచీ మీద చేసింది."

నాన్న రోడ్డు అవతలికి చూశారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, మీ పెద్దమ్మకి ఏం చెప్పమంటావని నన్ను అడిగారు. నాన్న నన్నలా అడగడం అదే మొదలు.

"నాకు పని ఉందని చెప్పండి నాన్నా," అని మళ్ళీ కోటు మీదికి వంగాను.